ఫోన్ డబ్బా విప్పే ఆ పావుగంట

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడల్లో మొబైల్ షాపులు నడిపే యజమానులకు, కౌంటర్ దగ్గర కూర్చునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు బహిరంగ లేఖ

అయ్యా,

చిన్నపిల్లలు ఫోన్ చూడడం గురించి అయితే తల్లిదండ్రులకు రాయాలి గానీ మాకెందుకు అంటారేమో. తల్లిదండ్రులకు చెప్పేవాళ్లకు కొరత లేదు. అంగన్‌వాడీలో చెబుతాం, బడిలో చెబుతాం, టీకాలకు వచ్చినప్పుడు చెబుతాం. "ఫోన్ ఎక్కువ ఇవ్వకమ్మా" అంటే "అలాగేనండి" అంటారు. ఇంటికెళ్లి ఫోన్ తెరిస్తే ఏ మీట ఎక్కడుందో, ఏది నొక్కితే ఏమవుతుందో వాళ్లకు తెలీదు. తెలిసింది మీకు. కొత్త ఫోన్ డబ్బా విప్పి, సిమ్ వేసి, జీమెయిల్ తెరిచి, వాట్సాప్ ఎక్కించి, గ్లాసు అంటించి చేతికిచ్చే ఆ పావుగంటలో మీరు చేసేదాన్ని బట్టే, ఆ ఇంట్లోని మూడేళ్ల పిల్ల రేపట్నుంచి ఏం చూస్తుందో చాలావరకు తేలిపోతుంది. దసరా ఆఫర్ల రద్దీ మొదలయ్యాక మీకు ఊపిరాడదు. అందుకే ముందే రాస్తున్నాం.

అన్నిటికన్నా ముందు జీమెయిల్ సంగతి. షాపు నిండా జనం ఉన్న రోజు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. కస్టమరు పేరు వెనక నాలుగంకెలు తగిలించి ఖాతా తెరుస్తారు. పుట్టిన తేదీ అడిగిన చోట వేలికి అందిన సంవత్సరం, 1990 గానీ 1995 గానీ వేస్తారు. పాస్‌వర్డ్ మీకు అలవాటైనది. ఊళ్లో సగం ఫోన్లకు అదే. రికవరీ నంబరు అడిగితే దాటేస్తారు. మరీ తొందరైతే పోయిన వారం ఇంకొకరికి తెరిచిన ఖాతానే దీనిలోనూ పెట్టేస్తారు. మిగతావాటి మాట తర్వాత, ఆ చివరిది మాత్రం వెంటనే మానండి. ఒకే ఖాతా రెండిళ్లలో ఉంటే కాంటాక్టులు, ఫోటోలు కలిసిపోవడం ఒక్కటే కాదు. యూట్యూబ్‌కు ఆ రెండిళ్లూ ఒకే మనిషి. అక్కడ కుర్రాడు అర్ధరాత్రి చూసినదాన్ని బట్టి ఇక్కడ పాపకు పొద్దున్నే వీడియోలు వచ్చి పడతాయి. "నేనేం పెట్టలేదండీ, దానంతటదే వచ్చింది" అని తల్లి అంటే ఆమె అబద్ధమాడటం లేదు.

ఖాతా తల్లి పేరు మీదో తండ్రి పేరు మీదో, అసలు పుట్టిన తేదీతో తెరవండి. పాస్‌వర్డ్ వాళ్లనే అనుకోమని, వాళ్ల చేతే కొట్టించండి. కొట్టేటప్పుడు మీరు మొహం అటు తిప్పుకోండి. దాన్ని బిల్లు వెనక రాయొద్దు, బిల్లు వారానికే పోతుంది. ఆధార్, రేషన్ కార్డు దాచుకునే కవర్లో ఒక చీటీ మీద రాసి పెట్టుకోమనండి. రికవరీ నంబరుగా సూరత్‌లోనో హైదరాబాదులోనో పనికెళ్లిన తండ్రి నంబరు ఇవ్వొద్దు. ఆ సిమ్ ఎప్పుడు మారుతుందో ఆయనకే తెలీదు. ఊళ్లో కదలకుండా ఉండే మనిషిది, అమ్మమ్మదో మేనమామదో పెట్టండి. ఇదంతా ఎందుకంటే, పిల్లల కోసం వేసే తాళాలన్నీ ఈ ఖాతాకే వేలాడతాయి. పాస్‌వర్డ్ తెలియని ఇంట్లో ఏ తాళమూ పడదు, పడింది రాదు. విసుగొచ్చి ఫోన్ రీసెట్ కొడితే పాత గూగుల్ ఖాతా చెబితే గానీ తెరుచుకోనని మొరాయిస్తుంది. ఆ ఫోన్లు తిరిగి మీ కౌంటర్ మీదకే వస్తాయి కాబట్టి ఆ తలనొప్పి మాకన్నా మీకే బాగా తెలుసు.

రెండోది భాష. ఫోన్ ఇంగ్లీషులోనే వదిలేస్తున్నారు. మార్చి ఇచ్చేవాళ్లు కూడా "మీరు తెలుగువాళ్లే కదా" అని తెలుగు పెట్టేస్తున్నారు. మన వైపు లెక్క అంత సులువు కాదు. ఇంట్లో తెలుగే మాట్లాడే తల్లి ఒడియా మీడియంలో చదువుకుని ఉంటుంది, ఒడియా గడగడా చదువుతుంది, తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంది. పాతపట్నం నుంచో టెక్కలి నుంచో వచ్చిన కోడలికి తెలుగే వచ్చు, ఒడియా రాదు. కాబట్టి "ఏం మాట్లాడతారు" అని కాదు, "ఏ అక్షరాలు చదువుతారు" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో సెట్టింగుల పేజీ ఆమెకు మనుషుల భాషలో కనబడుతుంది.

ఇక అసలు పని. పిల్లల ఫోన్ గురించి ఎక్కడ విన్నా ముందు చెప్పేది గూగుల్ ఫ్యామిలీ లింక్, అంటే పిల్ల ఫోన్‌ను తల్లిదండ్రులు తమ ఫోన్ నుంచే అదుపులో పెట్టుకునే యాప్. మంచిదే, కానీ అది పిల్లకు విడిగా ఒక ఫోనో ట్యాబో ఉన్న ఇంటికి. మన దగ్గర చాలా ఇళ్లలో ఉండేది ఒక్కటే ఫోన్. పగలు అమ్మ చేతిలో, మధ్యాహ్నం నాయనమ్మ దగ్గర, సాయంత్రం పెద్దోడి చేతిలో, మధ్యమధ్యలో బుడ్డదాని చేతిలో. అమ్మ బ్యాంకు మెసేజీలు, వాట్సాప్ ఉన్న ఫోన్‌ను పిల్ల ఖాతాకు అప్పగించలేం. ఉమ్మడి ఫోన్‌కు దారి వేరు.

ముందు మామూలు యూట్యూబ్‌ను కాస్త లొంగదీయాలి. సెట్టింగుల్లోకి వెళ్లి చూసిన చరిత్ర అంతా చెరిపి, ఇకమీదట దాచకుండా ఆపేయండి. 2023 ఆగస్టు నుంచి, చరిత్ర ఆపి ఉంచి పాతది కూడా లేకపోతే మొదటి పేజీలో వీడియోల వరసలు రావు, వెతికే పెట్టె ఒక్కటే ఉంటుంది. మూడేళ్ల పిల్లకు చదవడం రాదు. తళతళలాడే బొమ్మలు చూసే అది వేలు పెడుతుంది. ఆ బొమ్మలే లేకపోతే సగం పని అయినట్టు. కింద షార్ట్స్ మీట మాత్రం అలాగే ఉంటుంది, అది పోదు, ఆ మాట తల్లికి దాచకుండా చెప్పండి. వీడియో పైభాగంలో కనిపించే ఆటోప్లే చిన్న మీట ఆపేయండి. ఒక పాట అయ్యాక తెర ఆగాలి. ఆగితేనే "అయిపోయింది" అనే మాటకు పిల్ల దగ్గర అర్థం ఉంటుంది. పెద్దల వీడియోలను వడకట్టే రిస్ట్రిక్టెడ్ మోడ్ పెట్టండి గానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కొంత వడకడుతుంది, అంతా వడకట్టదు. దానికి తాళం కూడా లేదు, పెద్దోడు రెండు నొక్కుల్లో తీసేస్తాడు.

చాలామంది మర్చిపోయేది మైకు. చదవడం రాని పిల్లలు మాటతో వెతుకుతారు. ఆ చిన్న మైకు బొమ్మ నొక్కి ఏదో ఒక కార్టూన్ పేరు అంటే చాలు, ఎక్కడికో తీసుకుపోతుంది. ఫోన్ సెట్టింగుల్లో యాప్‌లు, అందులో యూట్యూబ్, అందులో అనుమతులు, అక్కడ మైక్రోఫోన్ వద్దని పెట్టండి. అర నిమిషం పని. పిల్ల ఎన్నిసార్లు నొక్కినా అనుమతి అడుగుతుందే తప్ప వినదు.

ఆ తర్వాత పిల్లల కోసమే విడిగా ఉన్న యాప్, యూట్యూబ్ కిడ్స్ ఎక్కించి, తల్లి ఖాతాతో లాగిన్ చేసి, పిల్లకు ఒక ప్రొఫైల్ తెరవండి. పూర్తి పేరు అక్కర్లేదు, చిట్టి అన్నా చాలు. వయసును బట్టి 4 ఏళ్ల వరకు, 5 నుంచి 8, 9 నుంచి 12 అని మూడు మెట్లు చూపిస్తుంది. వాటిని పట్టించుకోకుండా, తల్లిదండ్రులు తామే ఒప్పుకున్నవి మాత్రమే చూపించే నాలుగో దారి ఎంచుకోండి. అక్కడ పది పన్నెండు వీడియోలో ఛానళ్లో ఏరి పెడితే పిల్లకు అవే కనిపిస్తాయి, వెతకడానికి వీలుండదు. ఐదేళ్ల లోపు పిల్లకు పది పన్నెండు బోలెడు. పెద్దలకు విసుగొస్తుంది గానీ, చూసిందే మళ్లీ చూడడం ఆ వయసుకు ఇష్టం, మాటలు పట్టుబడేదీ అలాగే.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. పెద్దల సెట్టింగుల్లోకి వెళ్లడానికి ఆ యాప్ మామూలుగా ఒక ఎక్కం అడుగుతుంది, ఏడెనిమిదులు ఎంత అన్నట్టు. మూడో తరగతి అన్నయ్య ఉన్న ఇంట్లో అది తాళమే కాదు. సొంతంగా నాలుగంకెల కోడ్ పెట్టుకునే వీలు అక్కడే ఉంది, అది తల్లి చేత పెట్టించండి. అందులోనే టైమరు ఉంది. 20 నిమిషాలు పెడితే అయ్యాక యాప్ తనే మూసుకుంటుంది. "అమ్మ లాక్కుంది" అనే ఏడుపు వేరు, "ఫోన్ నిద్రపోయింది" అనే ఏడుపు వేరు. రెండోది తొందరగా ఆగుతుంది.

ఏ వీడియోలు ఏరాలని తల్లి మిమ్మల్నే అడుగుతుంది. మేం వాడే కొలత ఇది: శబ్దం తీసేసి ఒక నిమిషం చూడండి, బొమ్మ ఎన్నిసార్లు మారిందో వేళ్ల మీద లెక్కపెట్టండి. రెండు చేతుల వేళ్లూ చాలకపోతే ఆ వీడియో ఐదేళ్ల లోపు పిల్లకు వద్దు. తర్వాత శబ్దం పెట్టి వినండి. ఒక గొంతు నిదానంగా చెబుతుంటే సరే, అరుపులు, గంటలు, చప్పట్లు తప్ప మాటలు లేకపోతే వద్దు. బొమ్మల డబ్బాలు విప్పి చూపించే వీడియోలు కార్టూన్లలా కనిపిస్తాయి గానీ అవి దుకాణం అద్దాలు. భాష సంగతికొస్తే, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కార్టూన్లో హిందీ అయితే మూడేళ్ల పిల్ల ఫోన్‌తో ఒక భాష, అమ్మతో ఒక భాష నేర్చుకుంటుంది. తెలుగు పాటలు, కథలు ముందు ఏరండి. ఒడియావి రెండో వరస. హిందీ కార్టూనే కావాలని పట్టుబడితే పక్కన కూర్చుని తెలుగులో మాట్లాడమనండి: "కుక్క ఎటు పోయిందిరా? దానికి ఆకలేస్తోందా?" చూసే వీడియో కన్నా పక్కన వినబడే ఈ మాటే మేలు చేస్తుంది. రెండేళ్లు నిండని పిల్లలు తెర మీద చూసినదాన్ని ఎదురుగా ఉన్న మనిషి దగ్గర నేర్చుకున్నంతగా నేర్చుకోలేరని పరిశోధకులు చాలాసార్లు చూశారు. "చదువు వీడియోలే కదండీ" అనే తల్లికి ఈ మాట చెప్పండి.

మూడోది, ఒక్క యాప్‌ను తెరకు కట్టేయడం. సెట్టింగుల్లో భద్రత కింద యాప్ పిన్నింగ్ అని ఉంటుంది. కొన్ని కంపెనీలు దాన్ని వేరే మూలలో, వేరే పేరుతో దాస్తాయి, వెతికే పెట్టెలో పిన్ అని కొడితే వస్తుంది. అది తెరిచి, విప్పేటప్పుడు లాక్ అడిగేలా పెట్టండి. ఆపై యూట్యూబ్ కిడ్స్ తెరిచి, ఇటీవలి యాప్‌ల మీట నొక్కి, యాప్ బొమ్మ మీద తట్టి పిన్ చేస్తే పిల్ల ఎటు తోసినా ఆ యాప్ దాటి పోదు. అమ్మ వాట్సాప్‌లో మేనత్తకు పదిహేడు తలకాయ బొమ్మలు పోవు, ఫోటోలు చెరిగిపోవు. తల్లి చేత మీ ఎదురుగా మూడుసార్లు పెట్టించి మూడుసార్లు విప్పించండి. ఒక్కసారి చూపించి పంపితే ఇంటికెళ్లాక విప్పడం రాక ఫోన్ చెడిపోయిందని పరుగెత్తుకొస్తుంది. కొన్ని ఫోన్లలో కంపెనీ వాళ్లే పిల్లల మోడ్ ఇస్తున్నారు, శాంసంగ్‌లో శాంసంగ్ కిడ్స్ లాగా. ఉన్నచోట అది ఇంకా తేలిక.

ఇవన్నీ చేసి లాక్ దగ్గర జారిపోతాం. గీతల లాక్ పెట్టిన ఫోన్‌ను వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. అన్నం తిన్న చేతి జిడ్డుతో గీత మొత్తం అద్దం మీద గీసినట్టే ఉంటుంది. నాలుగేళ్ల గుంటడు ఆ మరక మీదే వేలు పోనిచ్చి తెరిచేస్తాడు. వేలిముద్ర లాక్ అయితే, మధ్యాహ్నం కునుకు తీసే అమ్మ బొటనవేలు తెచ్చి ఆనిస్తాడు. ఆరంకెల పిన్ పెట్టించండి, పిల్ల ముందు కొట్టొద్దనండి. వేలిముద్ర కావాలంటే చూపుడువేలు, బొటనవేలు కాకుండా ఉంగరపు వేలు ఎక్కించండి.

లాక్ తీయకుండానే తెర మీద తిరిగే బొమ్మలు, వార్తలు, వీడియోలు కొన్ని చవక ఫోన్లలో ముందే పెట్టి ఉంటాయి. తాళం వేసిన ఇంటికి అరుగు మీద సంత పెట్టినట్టు. లాక్ స్క్రీన్ సెట్టింగుల్లో అవి ఆపేయండి. కొనకముందే ఎక్కించి ఉన్న గేములు తీసేయండి, తీయనివ్వకపోతే డిజేబుల్ చేయండి.

డబ్బు దగ్గర రెండు పనులు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాలి. అక్కడే కుటుంబం కింద ఉండే పేరెంటల్ కంట్రోల్స్‌లో పిన్ పెట్టి యాప్‌లను 3+ కు దించితే కొత్తగా పెద్దల గేములు దిగవు. ముందే దిగినవాటిని, బ్రౌజరును, యూట్యూబ్ లోపలి వీడియోలను అది ఏమీ చేయదు. రెండోది యూపీఐ లైట్, అంటే చిన్న చెల్లింపుల కోసం ముందే కాస్త డబ్బు వేసి ఉంచుకునేది. 1000 రూపాయల లోపు చెల్లింపుకు అందులో పిన్ అడగదు. చిన్నపిల్లల చేతికి వెళ్లే ఫోన్‌లో అది పెట్టకపోవడమే మంచిది, పెట్టినా వంద రూపాయలకు మించి వేసుకోవద్దనండి. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగితే 1930 కి వెంటనే ఫోన్ చేయాలని చెప్పండి. గంటలు గడిచేకొద్దీ ఆపడం కష్టం.

ఇంకొకటి ఉంది, కాస్త తెలిసిన కుర్రాళ్లు చేయగలిగింది. ఆండ్రాయిడ్ 9, ఆపై ఫోన్లలో నెట్‌వర్క్ సెట్టింగుల్లో ప్రైవేట్ డీఎన్‌ఎస్ ఉంటుంది, ఏ సైటుకు ఏ దారిన వెళ్లాలో ఫోన్ ఎవరిని అడగాలో చెప్పేది అది. అక్కడ క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ వాళ్ల కుటుంబాల డీఎన్‌ఎస్ చిరునామా కొడితే అశ్లీల సైట్లు చాలావరకు తెరుచుకోవు, వైఫై అయినా మొబైల్ డేటా అయినా. యూట్యూబ్, వాట్సాప్ లోపల వచ్చేవాటిని ఆపలేదు. చిరునామాలో ఒక్క అక్షరం తప్పితే నెట్ మొత్తం ఆగిపోతుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే కొండ ఊళ్లలో కూడా ఒక్కోసారి అలాగే అవుతుంది. కాబట్టి మార్చిన ఫోన్ మీద గుర్తు రాసుకోండి, నెట్ రావట్లేదని వస్తే ముందు అక్కడే చూడండి.

పాత ఫోన్ పిల్లకు ఇచ్చేస్తున్నాం, కొత్తది మాకు అనే కస్టమరు వస్తే, అప్పుడు ఫ్యామిలీ లింక్. పాత ఫోన్ రీసెట్ చేసి, పిల్ల పేరుతో అసలు పుట్టిన తేదీతో ఖాతా తెరిచి, తల్లి ఫోన్‌కు కలపండి. రోజుకు ఎంతసేపో, రాత్రి ఎన్నింటికి మూసుకోవాలో తల్లి తన ఫోన్ నుంచే పెట్టుకుంటుంది, కొత్త యాప్ దిగాలంటే ఆమె ఒప్పుకోవాలి. తరచూ చెడేది ఎక్కడంటే, "యాప్ దిగట్లేదు" అని తల్లిదో తండ్రిదో ఖాతా ఆ ఫోన్‌లోనే ఉంచేస్తారు. అప్పుడు ప్లే స్టోర్ పెద్దల ఖాతాతోనే తెరుచుకుంటుంది, మీరు పెట్టిన లెక్కలన్నీ గాలికి పోతాయి. ఇంకో తప్పు వయసు పెంచి రాయడం. వ్యక్తిగత డేటా రక్షణకు 2023 లో వచ్చిన చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపించొద్దంటుంది. కౌంటర్ మీద మీరు వేసిన 1995 తో ఆ కంపెనీ లెక్కలో ఐదేళ్ల పిల్ల పెద్ద మనిషైపోతుంది.

రీచార్జి దగ్గర కూడా మీ మాటకు విలువ ఉంది. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ప్యాక్ వేసుకున్న ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి సగం మిగిలి ఉంటే, పన్నెండుకు ఎలాగూ పోతుంది కదా అని పిల్ల చేతికిస్తారు. పెరుగన్నం మిగిలితే దూడకు పెట్టినట్టు. 480పి నాణ్యతలో వీడియో గంటకు సుమారు అర జీబీ తాగుతుంది. అంటే 1.5 జీబీ ఖర్చు చేయాలంటే మూడు గంటలు చూడాలి. నిద్రకు గంట ముందు తెర ఆగాల్సిన పిల్ల సరిగ్గా ఆ గంటలోనే చూస్తుంది. "మిగిలింది వదిలేయమ్మా, మాటలకే రీచార్జి చేయించుకున్నావనుకో" అని మీరంటే వింటారు. మేమంటే "మీకేం, జీతాలొస్తాయి" అంటారు.

ఎంతసేపు చూపించొచ్చు అని ఎవరైనా అడిగితే చెప్పడానికి లెక్క ఇది. భారత పిల్లల వైద్యుల సంఘం చెప్పేది: రెండేళ్ల లోపు అసలు వద్దు, దూరాన ఉన్నవాళ్లతో వీడియో కాల్ తప్ప. రెండు నుంచి ఐదేళ్ల దాకా పెద్దలు పక్కనుండగా రోజుకు గంటకు మించకుండా. ఐదు నుంచి పదేళ్ల దాకా రెండు గంటల లోపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 లో చెప్పిందీ చిన్నపిల్లలకు దాదాపు ఇదే. పైగా మూడు నాలుగేళ్ల పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, మూడు గంటల ఆటపాటలు ఉండాలంది. టీవీ కూడా ఈ గంటలోకే వస్తుంది. ఎవరూ చూడకుండా వసారాలో మోగుతున్న టీవీ కూడా మంచిది కాదు, దాని గోలలో పెద్దల మాట పిల్ల చెవిన పడదు.

వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు మన ఇళ్ల కోసమే పెట్టారా అన్నట్టుంది. నాన్న పనికెళ్లిన ఇళ్లెన్నో. ఐదు పది నిమిషాలు చాలు. అమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని తెరను మూరెడు దూరంలో పట్టుకోవాలి. "ఏం తిన్నావ్" అని అడిగితే పిల్ల బిక్కమొహం వేస్తుంది, అదే నాన్న తన చేతిలో గ్లాసో చెప్పో చూపించి "ఇదేంటి" అంటే పలుకుతుంది. సిగ్నల్ పోయి మొహం బిగుసుకుపోతే కొందరు పిల్లలు ఫోన్ వెనక్కి తిప్పి నాన్న కోసం వెతుకుతారు. "నాన్నకు పనుంది, మళ్లీ చేస్తాడు" అని చెప్పి ఫోన్ లోపల పెట్టేయాలి గానీ, ఆ బెంగ పోగొట్టడానికి వెంటనే పాట పెట్టేయకూడదు. వీడియో కాల్ ఎలా చేయాలో నేర్పేది మీరే కదా, ఈ రెండు ముక్కలు కూడా అందులో కలపండి.

అన్నం దగ్గర ఫోన్ అన్నిటికన్నా మొండి అలవాటు. తెర చూస్తూ తినే పిల్లకు నోట్లో ఏముందో తెలీదు, కడుపు నిండిందో లేదో తెలీదు. నమలదు, బుగ్గన పెట్టుకుంటుంది, నీళ్లు పోసి మింగిస్తారు. "ఫోన్ లేకపోతే ముద్ద ముట్టదండీ" అనే తల్లికి ఒక్కసారిగా మానేయమంటే ఆమె వల్ల కాదు. ఒక పూటతో మొదలుపెట్టాలి. పొద్దుటి పూట మేలు, ఆకలి ఎక్కువుంటుంది, మధ్యలో బిస్కెట్లు పడి ఉండవు. ఫోన్ కళ్ల ముందు ఉండకూడదు, పైన అలమరాలో పెట్టాలి. పిల్లను కింద కూర్చోబెట్టి, సొంత పళ్లెంలో పప్పన్నమో ఉప్మానో, అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండి కలిపిన ముద్దో రెండు మూడు పిడికిళ్లు పెట్టి, చేత్తో కెలకనివ్వాలి. నేల పాడవుతుంది, పాత చీర పరచుకోవాలి. ఇరవై నిమిషాలు చూసి, తినకపోయినా పళ్లెం తీసేయాలి, తిట్టకూడదు. తర్వాతి పూట దాకా మంచినీళ్లు తప్ప చిరుతిండి ఇవ్వకూడదు. మొదటి మూడు నాలుగు రోజులు ఏడుపు తగ్గదు, పెరుగుతుంది. సరిగ్గా ఆ మూడో రోజే నాయనమ్మ మనసు కరిగి ఫోన్ తీసిస్తుంది, అంతటితో పిల్లకు ఎంత గట్టిగా ఏడిస్తే ఫోన్ వస్తుందో కొలత తెలిసిపోతుంది. ఇంట్లో అందరూ ఒక మాట మీద ఉంటేనే మొదలుపెట్టమనండి. పది రోజులకు ఆ పూట దారిలో పడితే రెండో పూట. బక్కచిక్కిన పిల్లకు, జ్వరంలో ఉన్న పిల్లకు ఈ పట్టుదల వద్దు, ముందు బరువు తూయించాలి.

ఆపే పద్ధతి కూడా అంతే. ఐదేళ్ల లోపు వాళ్లకు పది నిమిషాలంటే ఏమిటో తెలీదు, రెండు పాటలంటే తెలుసు. మొదలుపెట్టక ముందే "రెండు పాటలు" అని వేళ్లు చూపించాలి, రెండోది మొదలైనప్పుడు "ఇది ఆఖరిది" అనాలి, అది పూర్తయ్యాకే ఆపాలి. ఆపగానే చేతికి ఇంకేదైనా, పిండి ముద్దో చింతపిక్కలో గిన్నెలో నీళ్లో అందాలి. పాట మధ్యలో లాక్కుంటే పెద్దవాళ్లకైనా కోపమొస్తుంది.

మాటలు రాని పిల్లల సంగతి మీ దాకా ఎందుకంటే, "మావాడికి మాటలు రావట్లేదు, మాటలు నేర్పే యాప్ ఏదైనా ఎక్కించండి" అని అడిగేవాళ్లు మీ దగ్గరికే వస్తారు. అలాంటి యాప్ ఎక్కించొద్దు. ఏడాదిన్నరకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు "అమ్మ రా" అన్నట్టు రెండు మాటలు కలపకపోయినా, వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా అంగన్‌వాడీ దీదీకి చెప్పమనండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి. అంతదాకా ఆగలేకపోతే నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి. ముందు చెవులు చూపించాలి. తెలుగు, ఒడియా, సవర కలిపి వినడం వల్ల మాటలు రావట్లేదని చుట్టాలంటారు. అది కారణం కాదు, రెండు మూడు భాషలు వినడం పిల్లలకు చేటు చేయదు. ఎవరూ ఎదురు కూర్చుని మాట్లాడకపోవడం చేస్తుంది.

మెమరీ కార్డులకు పాటలు ఎక్కించే షాపులకు ఒక విన్నపం. కాపీరైటు సంగతి వేరే ఉత్తరం. పిల్లల పాటలని అడిగి తీసుకెళ్లిన కార్డులో పెద్దల పాటలు, ఇంకా పెద్దలవి కలిసి వస్తున్నాయి. పిల్లలకు వేరే ఫోల్డరు, వీలైతే వేరే కార్డు. ఉచితంగా, న్యాయంగా దొరికేవి ఉన్నాయి: ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు తెలుగులో, ఒడియాలో, కుయి, సవర లాంటి భాషల్లో కూడా ఉన్నాయి, దించుకుని పంచుకోవచ్చు. నెట్ లేని ఊరి తల్లికి ఇరవై కథలు కార్డులో వేసిస్తే, చదివి వినిపించడానికి పనికొస్తాయి. చదవడం రాకపోయినా బొమ్మలు చూపించి తోచిన కథ చెప్పుకుంటుంది.

చార్జింగ్‌లో ఉన్న ఫోన్ పిల్ల చేతికి ఇవ్వొద్దని, ఉబ్బిన బ్యాటరీ వాడొద్దని మీరు చెబుతూనే ఉంటారు. గుర్తింపు లేని చార్జర్లు అమ్మడం మానితే చెప్పే పని కూడా తగ్గుతుంది. పగిలిన గ్లాసుతోనే ఫోన్ పిల్లకు ఇస్తారు, నోట్లో పెట్టుకునే వయసు అది. గ్లాసు మార్చేదాకా ఇవ్వొద్దనండి.

ఇదంతా ఊరికే చేయమనట్లేదు. గ్లాసు అంటిస్తే వంద తీసుకుంటారు, కవరు వేస్తే తీసుకుంటారు. పిల్లల సెట్టింగులకు యాభై తీసుకోండి, బోర్డు మీద రాసి పెట్టండి. అలవాటైన చేతికి ఇరవై నిమిషాల పని. ఇప్పటికే ఫోన్లున్న వాళ్లను మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య, గిరాకీ పలచగా ఉండే వేళ రమ్మనండి. వచ్చేటప్పుడు పాస్‌వర్డ్ చీటీ తెచ్చుకోమనండి, పిల్లను తీసుకురావొద్దనండి. పిన్ కొట్టేటప్పుడు అందరికన్నా జాగ్రత్తగా చూసేది వాళ్లే.

బిల్లుతో పాటు ఇవ్వడానికి అర ఠావు కాగితం తయారు చేశాం. ఒక వైపు ఒడియా, ఒక వైపు తెలుగు, అక్షరాలు పెద్దవి. యూట్యూబ్ కిడ్స్ కోడ్ మార్చడం, యాప్ పిన్ చేసి విప్పడం బొమ్మలతో ఉన్నాయి, పిల్లల సహాయానికి 1098, డబ్బు మోసాలకు 1930 నంబర్లున్నాయి. అడుగున రికవరీ నంబరు ఎవరిదో రాసుకోవడానికి ఒక గడి వదిలాం, పాస్‌వర్డ్‌కు మాత్రం కావాలనే గడి పెట్టలేదు. జిరాక్సు ఖర్చు మాది. ఒక్కో షాపుకు వంద చొప్పున దసరా లోపు తెచ్చి ఇస్తాం. అయిపోతే మీ దగ్గరలోని అంగన్‌వాడీలో చెప్పండి.

ఇట్లు,
గజపతి, రాయగడ జిల్లాల్లో చిన్నపిల్లలతో పనిచేసే కొందరు టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆరోగ్య కార్యకర్తలు